స్టాండప్ జెట్ స్కీ హ్యాండిల్ పోల్: ఎంపిక, తయారీ

నిలబడి నడిపే జెట్ స్కీకి ముక్కు భాగం నుంచి మనిషి చేతుల దాకా వచ్చే పొడవాటి భాగమే హ్యాండిల్ పోల్. దీని ముందు కొన హల్‌కు బిగించిన బ్రాకెట్‌లో ఒక అడ్డబోల్టు మీద పైకీ కిందికీ కదులుతుంది. రెండో కొనకు స్టీరింగ్, హ్యాండిల్‌బార్, థ్రాటిల్, ఇంజన్ ఆపే స్విచ్ ఉంటాయి. విశాఖ రుషికొండ తీరంలో పర్యాటకులను తిప్పేవి సాధారణంగా కూర్చుని నడిపే రకం. వాటికి ఈ పోల్ ఉండదు.

అమెరికాకు చెందిన మోటోక్రాస్ రైడర్ క్లేటన్ జేకబ్సన్ ఊహించిన ఈ రూపాన్ని కవాసకి సంస్థ 1970ల ఆరంభంలో మార్కెట్లోకి తెచ్చింది. జెట్ స్కీ అన్నది ఆ సంస్థ ట్రేడ్‌మార్కే. యమహా సూపర్‌జెట్ 1990లో వచ్చింది. 2021లో వచ్చిన దాని ఫోర్‌స్ట్రోక్ మోడల్‌కు మనిషికి తగ్గట్టు సర్దుకునే పోల్‌ను కంపెనీయే ఇచ్చింది. పాత బండ్లలో ఆ వీలు లేదు కాబట్టి వాటి యజమానులు పోల్ మార్చడమో, కొత్తది కట్టించుకోవడమో చేస్తారు.

పోల్ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది పొడవు. అడ్డబోల్టు మధ్య నుంచి హ్యాండిల్‌బార్ బిగించే చోటు మధ్య వరకు కొలవాలి. పోల్ పొట్టిదైతే మనిషి ముందుకు జరిగి నిలబడతాడు. బండిని ఒంటికి దగ్గరగా లాక్కోవచ్చు. అలల మీద ఎగిరేవారు, గాలిలో పల్టీలు కొట్టేవారు అందుకే పొట్టి పోల్ కోరుకుంటారు. పొడవాటి మనిషికి అదే పోల్ ఇస్తే నడుం వంగిపోతుంది, కాసేపటికే వీపు పట్టేస్తుంది. అంగుళం తేడా కూడా ఒంటికి తెలుస్తుంది. బండిని స్టాండు మీద ఎక్కించి, నడిపేటప్పుడు నిలబడే తీరులోనే పాదాలు పెట్టి, మోచేతులు కొద్దిగా వంచి చూసుకోవాలి. ఇంకొకరి కొలత నమ్ముకుని కోతకు దిగకూడదు.

తర్వాతిది పదార్థం. కంపెనీ పోల్ ఫైబర్‌గ్లాస్‌దైతే దాన్ని పొట్టి చేయడం సాధ్యమే. కోసిన రెండు ముక్కల అంచులనూ ఏటవాలుగా దూరం దాకా అరగదీసి, గ్లాస్ క్లాత్, ఎపాక్సీలతో లోపలా బయటా పొరలు వేస్తారు. అంచుకు అంచు ఆనించి పైపైన పూత పూస్తే మొదటి గట్టి దెబ్బకే విరుగుతుంది. కార్బన్ ఫైబర్ తేలిక, బిగువు ఎక్కువ. కానీ ఉప్పునీటిలో అది అల్యూమినియాన్ని నేరుగా తాకితే అల్యూమినియం తినుకుపోతుంది. అందుకే మధ్యలో గ్లాస్ పొర తప్పనిసరి.

సొంతంగా కట్టించుకునేవారికి అల్యూమినియమే అనుకూలం. వంచాల్సిన రేకుకు 5052 రకం మేలు. 6061-టీ6ను బిగుతుగా వంచితే మడత దగ్గర పగులుతుంది. బ్రాకెట్ చెవులకు, మందపాటి పలకలకు మాత్రం అది బాగుంటుంది. అయితే వెల్డింగ్ వేడికి అతుకు పక్కన దాని బలం బాగా పడిపోతుంది. కాబట్టి బరువు అంతా పడే అడ్డబోల్టు దగ్గర అతుకు రాకుండా డిజైన్ చేయాలి, లేదా అక్కడ వెడల్పుగా పట్టీ వేయాలి. టిగ్ వెల్డింగ్‌కు 5356 ఫిల్లర్ వాడితే అనోడైజింగ్ తర్వాత అతుకు రంగు లోహంతో దాదాపు కలిసిపోతుంది. 4043 వాడితే నల్లటి గీత పడుతుంది.

పోల్ ఎంత ఖరీదైనదైనా అడ్డబోల్టు దగ్గరి బుష్‌లు అరిగితే పక్కలకు ఊగుతుంది, ఆ ఊగుడు చేతులకు బండి తప్పులా తెలుస్తుంది. కొత్త పోల్‌తో పాటు కొత్త బుష్‌లు వేయడమే మంచిది. స్టెయిన్‌లెస్ బోల్టులకు మెరైన్ గ్రీజు పూసి బిగించాలి. పొడి బోల్టు ఉప్పునీటిలో అల్యూమినియంకు పట్టేసి విప్పడానికి రాదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కేబుళ్ల మీద పెట్టాలి. పోల్ పొట్టిదైతే స్టీరింగ్ కేబుల్ మిగులుతుంది, అది బిగుతుగా మెలిపడకూడదు. పొడవైతే థ్రాటిల్ కేబుల్ లాగబడి, హ్యాండిల్ తిప్పగానే ఇంజన్ దానంతట అదే రేగవచ్చు. కేబుల్ అమర్చాక, బండికి నీళ్లు అందేలా చూసి, ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చి, పోల్ పూర్తిగా పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పాలి. ఇంజన్ వేగం ఏ స్థితిలోనూ మారకూడదు. జెట్ స్కీ థ్రాటిల్ ఇస్తేనే మలుపు తిరుగుతుంది కాబట్టి కేబుల్‌లో తేడా ఉన్న బండి మనిషి చేతిలో ఉండదు. ఈ పరీక్షలో నెగ్గని పోల్‌తో ఎవరూ నీళ్లలోకి దిగవద్దు.