జెట్ ఇంజిన్ సామర్థ్యం: బాలాపూర్ పరిసరాల్లో దాని చరిత్ర

ప్రయాణికుల విమానం తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం ఎగరాలంటే రెండు పనులు జరగాలి. ఇంజిన్ లోపల మంట వీలైనంత వేడిగా ఉండాలి. వెనక్కి తోసే గాలి ఎక్కువ మోతాదులో, తక్కువ వేగంతో పోవాలి. ఇందులో మొదటి పనికి కావలసిన లోహాల మీద హైదరాబాద్‌లో బాలాపూర్ పక్కనే ఉన్న కంచన్‌బాగ్‌లో దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది.

బ్రిటిష్ ఇంజినీరు ఫ్రాంక్ విటిల్ 1930లో జెట్ ఇంజిన్‌కు పేటెంట్ కోరాడు. 1952 మే 2న కామెట్ జెట్ విమానం తొలిసారి ప్రయాణికులతో ఎగిరింది. ఆనాటి ఇంజిన్లలో గాలి అంతా మంట గుండానే పోయేది, ఇంధనం విపరీతంగా ఖర్చయ్యేది. స్థూలంగా చెప్పాలంటే, అదే గాలిని రెట్టింపు వేగంతో వదిలితే తోపుబలం రెట్టింపవుతుంది, దానికి పెట్టే శక్తి మాత్రం నాలుగింతలవుతుంది. అందుకే ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి, చాలా గాలిని మంట పక్కనుంచే పంపే పద్ధతి వచ్చింది. 1970లో ప్రయాణికుల సేవలోకి వచ్చిన బోయింగ్ 747 ఇంజిన్‌లో మంటలోకి ఒక వంతు గాలి పోతే, దాని చుట్టూ సుమారు అయిదు వంతులు పోయేది. 2016లో ఎయిర్‌బస్ ఎ320నియోతో వచ్చిన లీప్ ఇంజిన్‌లో అది పదకొండు వంతులు. పాత సీఎఫ్ఎం56 ఇంజిన్‌తో పోలిస్తే ఇంధనం సుమారు 15 శాతం ఆదా.

అసలు కష్టం టర్బైన్ బ్లేడుది. దాన్ని తాకే వాయువు ఆ లోహం కరిగే ఉష్ణోగ్రతను మించి ఉంటుంది. బ్లేడు లోపలి సన్నని దారుల్లో చల్లగాలి తిరుగుతూ దాన్ని కాపాడుతుంది. మామూలు పోతలో లోహం ఎన్నో రేణువులుగా గట్టిపడుతుంది. వేడికీ, గిరగిర తిరిగే ఒత్తిడికీ ఆ రేణువుల సరిహద్దుల దగ్గరే సాగి, పగులుతుంది. దీనికి విరుగుడు బ్లేడు మొత్తాన్నీ ఒకే స్ఫటికంగా పోత పోయడం. కరిగిన నికెల్ మిశ్రమ లోహాన్ని పింగాణీ అచ్చులో పోసి, కొలిమి నుంచి మెల్లగా కిందికి దించుతారు. అడుగున ఉండే మెలికల గొట్టం ఒక్క స్ఫటికాన్నే పైకి పోనిస్తుంది. ప్రయాణికుల విమానాల్లోకి ఈ బ్లేడు 1980ల మొదట్లో వచ్చింది.

1963లో హైదరాబాద్‌కు వచ్చి, కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ లోహ పరిశోధనాశాల, డీఎంఆర్ఎల్, ఈ విద్యను సొంతంగా సాధించింది. కావేరి యుద్ధవిమాన ఇంజిన్ కోసం బ్లేడుల పోత మీద పనిచేసింది. 2021 ఏప్రిల్‌లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 ఏకస్ఫటిక బ్లేడులను విమానాల తయారీ సంస్థ హెచ్ఏఎల్‌కు అందించింది. మొత్తం 300 బ్లేడుల కార్యక్రమంలో ఇది తొలి విడత. ఆ పక్కనే 1973లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ మిధాని ప్రత్యేక మిశ్రమ లోహాలనూ, టైటానియాన్నీ తయారుచేస్తోంది. బయటివాళ్లు సులువుగా నేర్పే విద్య కాదిది. అందుకే ఆ 60 బ్లేడులు చిన్న సంఖ్య అయినా పెద్ద విజయం.

ప్రయాణికుల ఇంజిన్ల పని మాత్రం నగరానికి వేరే దారిలో వచ్చింది. సాగర్ రోడ్డు వైపు ఆదిభట్లలో ఇంజిన్ల తయారీ సంస్థ జీఈతో కలిసి టాటా సంస్థ ఇంజిన్ విడిభాగాల కేంద్రం పెట్టింది. శంషాబాద్‌లో లీప్ ఇంజిన్ల మరమ్మతు కోసం ఫ్రెంచి సంస్థ సఫ్రాన్ కట్టిన కేంద్రానికి 2025 నవంబర్ 26న ప్రారంభోత్సవం జరిగింది. పూర్తి స్థాయికి చేరితే ఏడాదికి 300 ఇంజిన్లను బాగుచేయగలదు. ఉపాధికి ఇది మంచిదే. కానీ మరమ్మతు ఎంత చేసినా బ్లేడు పోత చేతికి రాదు. ప్రయాణికుల విమానానికి మన సొంత ఇంజిన్ ఇప్పటికీ లేదు. అది కావాలనుకుంటే ప్రభుత్వాలు ముందు కంచన్‌బాగ్ ప్రయోగశాలలకే డబ్బూ, కాలమూ ఇవ్వాలి.