ముందు చక్రములకును బలము

బురదలో దిగబడిన లారీ వెనుక చక్రములు గిరగిర తిరుగుచుండగా, ముందు చక్రములు బండి బరువును మోయుచు ఊరక నిలిచియుండుట మనమందరము చూచినదే. వానికిగూడ ఇంజను బలమును పంచవలెనను ఆలోచన పాతదే. సామాన్యుల బండికి దాని నమర్చుటయే కష్టము.

1931లో అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరమున వాల్టర్ మార్మన్, ఆర్థర్ హెరింగ్టన్ అనువారు ఒక సంస్థను నెలకొల్పిరి. 1935 నుండి ఫోర్డు లారీలను, పిమ్మట చిన్న పికప్ బండ్లను మార్చసాగిరి. గేరుపెట్టె వెనుక మరియొక పెట్టెను బిగించి, అందుండి ఒక కడ్డీని వెనుకకును, ఒకదానిని ముందుకును సాగించిరి. ఇంతవరకు సులభమే. ముందు చక్రము దొర్లుటయే కాక, స్టీరింగుతోపాటు ప్రక్కకు మళ్ళవలెను గదా! మళ్ళుచునే బలమందుకొనుటకు ఇరుసు చివర ప్రత్యేకమైన కీలు కావలెను. పనివాని నేర్పంతయు ఆ కీలులోనే యున్నదని మేము తలంతుము.

రెండవ ప్రపంచయుద్ధమున దక్షిణాఫ్రికాలో తయారైన కవచశకటము లనేకము ఈ అమరికతో ఉత్తరాఫ్రికా ఎడారిలో పోరాడినవి. చట్రము కెనడా ఫోర్డుది. శకటమునకు నిలిచిన పేరు మాత్రము మార్మన్-హెరింగ్టన్!

అయినను, పరుల బండిని మార్చి బ్రతుకు వ్యాపారమునకు ఒక గండమున్నది. షెవ్రొలే సంస్థ 1957లో మినియాపోలిస్‌కు చెందిన నాప్కోవారి సామగ్రిని తన పికప్పులకు అమర్చి యమ్మి, 1960లో సొంత అమరికకు మారినది. ఫోర్డు 1959లోనే తన నాలుగు చక్రముల పికప్పును తానే చేసికొన్నది. కొనువారికి రెండవ గుమ్మమెక్కు పని తప్పినది. మార్మన్-హెరింగ్టన్‌వారి చేత ఫోర్డు పికప్పుల పని జారిపోయినది. పెద్ద లారీల ఇరుసులు మాత్రము ఆ పేరుతో నేటికిని వచ్చుచున్నవి.