నిండిన దినములు

కాళ్ళకు మ్రొక్కిన పిల్లలను మన పెద్దలు "దీర్ఘాయుష్మాన్ భవ" యని దీవింతురు. ప్రాచీన హెబ్రీయులకును ఇంతకు మించిన దీవెన లేదు. వారి గ్రంథములలోని పాతభాగములందు స్వర్గసుఖముల ప్రసక్తి కానరాదు. మంచివారైనను చెడ్డవారైనను మరణించిన పిదప 'షెయోల్' అను చీకటిలోకమునకే దిగిపోవుదురు. కావున దైవము సజ్జనునకు ఫలమీయదలచినచో ఈ నేలమీదనే, ఈ బ్రతుకులోనే ఈయవలెను. పంట, సంతానము, వాటి ననుభవించుటకు నిండిన ఆయువు.

ఆదాము 930 ఏండ్లు, మెతూషెల 969 ఏండ్లు బ్రతికిరని ఆదికాండము చెప్పుచున్నది. ఈ లెక్కలు చూచి నవ్వువారు కలరు. సుమేరియనుల రాజావళిలో జలప్రళయమునకు పూర్వపు రాజొకడు 28,800 ఏండ్లు ఏలెనని యున్నది. దాని ప్రక్కన హెబ్రీయుల లెక్క మితమైనదే యని మేమందుము. వారిలో ఒక్కడును వేయి దాటలేదు. పిమ్మట ఆయువు తగ్గుచు వచ్చినది: అబ్రాహాము 175, యాకోబు 147, మోషే 120. యూదులు నేటికిని నూట యిరువది యేండ్లు బ్రతుకుమని దీవించుకొందురు. 90వ కీర్తన మాత్రము డెబ్బది, బలమున్నచో ఎనుబది యని తేల్చివేసినది.

ఈ ఆయువును సంపాదించు మార్గములను ధర్మశాస్త్రము చెప్పినది. తలిదండ్రులను సన్మానించువానికి అది లభించును. గూటినుండి పిల్లలను తీసికొనునపుడు తల్లిపక్షిని విడిచిపెట్టువానికిని అదే ఫలము. తప్పుతూనికలు వాడని వర్తకునకును అదే! మన అంగళ్ళలో ఈ మూడవ సంగతి వ్రాసి పెట్టిన బాగుండును.

అయితే చరిత్ర ఈ వాగ్దానమును కఠినముగా పరీక్షించినది. యూదా రాజైన మనష్షే దేవాలయములోనే విగ్రహమును నిలిపెను, నిరపరాధుల రక్తము చిందించెను; 55 ఏండ్లు ఏలెను. దావీదు వంశమున అంతకాలము ఏలినవాడు మరొకడు లేడు. అతని మనుమడు యోషీయా క్రీ. పూ. 622 ప్రాంతమున విగ్రహములను తొలగించి ధర్మశాస్త్రమును నిలబెట్టెను. క్రీ. పూ. 609లో మెగిద్దో కడ ఐగుప్తురాజు నెకో చేతిలో మరణించెను. అప్పటి కతనికి 39 ఏండ్లు. రాజుల గ్రంథకర్త ఈ మరణమును రెండు వచనములలో చెప్పి ఊరకుండెను. తరువాతి కాలమున దినవృత్తాంతములు వ్రాసినవాడు ఊరకుండలేకపోయెను. మనష్షే చెరలో పశ్చాత్తాపపడెననియు, యోషీయా నెకో నోట వచ్చిన దైవవాక్యమును పెడచెవిని పెట్టెననియు చేర్చెను. లెక్క సరిపోయినది. మాకు మాత్రము మొదటివాని మౌనమే నిజాయితీగా తోచును.

ఇంతకంటె బాధాకరమైన కథ యూదుల తాల్ముదులో నున్నది. తండ్రి మాటపై ఒక బాలుడు ఎత్తయిన కట్టడమెక్కి, గూటిలోని తల్లిపక్షిని ఎగురవిడిచి, పిల్లలను తీసికొని దిగుచు పడి మరణించెను. దీర్ఘాయువు నిచ్చు రెండాజ్ఞలను ఒక్క గడియలోనే పాటించిన పసివాడు! క్రీ. శ. 2వ శతాబ్దపు మహాపండితుడు ఎలీషా బెన్ అబూయా ఇట్టి దానిని కన్నులార చూచి ధర్మమును విడిచెనని యొక కథనము. అతని కూతురి కొడుకైన రబ్బీ యాకోబు గ్రంథములోని ఆ దీర్ఘదినములు ఈ లోకమువి కావనియు, రాబోవు లోకమువనియు అర్థము చెప్పెను. తాతయు మనుమని వలె అర్థము చేసికొని యున్నచో దారి తప్పెడివాడు కాడని రవ్ యోసేపు అను తరువాతి గురువు పలికెను.