కొండగొడ్డలి: శ్రీకాకుళం, విజయనగరం మన్యంలో ఒక పనిముట్టు చరిత్ర

తూర్పు కనుమలు సముద్రతీరానికి చేరువగా వచ్చే పాలకొండ, పార్వతీపురం, సాలూరు ప్రాంతాల కొండల్లో గొడ్డలికి రెండు చరిత్రలు ఉన్నాయి. ఒకటి అధికారులు నివేదికల్లోనూ గెజెటీర్లలోనూ రాసి పెట్టినది. అందులో గొడ్డలి ముందు ఆయుధం, ఆ తరువాతే మరేదైనా. రెండవది దానిని ప్రతి ఉదయం భుజాన వేసుకొని కొండెక్కిన సవరలు, జాతాపులు, కొండదొరల జీవితంలో గడిచినది. అందులో అది పోడు కొట్టడానికి, వెదురు నరకడానికి, కట్టెలు చీల్చడానికి, అడవిలో రాత్రి నిలవవలసి వస్తే పందిరి వేసి నిప్పు రాజేసుకోవడానికి పనికివచ్చే ఏకైక సాధనం. మొదటి చరిత్రకు కాగితాలు విస్తారంగా మిగిలాయి, రెండవదానికి సంతలో కమ్మరి చేతిపనీ పెద్దల నోటిమాటా తప్ప పెద్దగా ఆధారాలు మిగలలేదు. అయినా మన్యం గతాన్ని సరిగా తెలుసుకోవాలంటే రెండవదాని నుంచే మొదలుపెట్టడం న్యాయం, ఎందుకంటే ప్రభుత్వం ఆయుధమని పేరు పెట్టిన వస్తువుతోనే ఆ కుటుంబాలు అన్నం సంపాదించుకున్నాయి.

ఈ ప్రాంతపు పాలనా సరిహద్దులు చాలాసార్లు మారాయి గనుక వాటిని ముందుగా గుర్తుంచుకోవడం అవసరం. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనూ, పాలకొండ, పార్వతీపురం, సాలూరు విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి. కొండల మీది మనుషులకు ఈ గీతలతో సంబంధం తక్కువ. సవర బంధుత్వాలు నేటికీ ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి వైపు కొండల్లోకీ సాగుతూనే ఉన్నాయి.

కొండజాతుల గొడ్డలిని శ్రద్ధగా చూసి రాసిన తొలి ఆంగ్ల అధికారుల్లో శామ్యూల్ చార్టర్స్ మెక్‌ఫర్సన్ ముఖ్యుడు. నరబలిని, అంటే అప్పటి కాగితాల్లో మెరియా అని రాసిన ఆచారాన్ని, మాన్పించడానికి 1845లో ఏర్పడిన ప్రత్యేక ఏజెన్సీకి అధిపతి అయిన ఇతడు అంతకుముందే గంజాం కొండల్లోని ఖోండుల గురించి వివరమైన నివేదిక సమర్పించాడు. జాతాపులు ఈ ఖోండులలోనే తెలుగు మాటా మైదానపు ఆచారాలూ అలవరచుకొన్న శాఖ అని ఎడ్గార్ థర్‌స్టన్ 1909 నాటి తన గ్రంథంలో పేర్కొన్నాడు కాబట్టి మెక్‌ఫర్సన్ వర్ణన ఈ వైపు కొండలకూ చాలావరకు వర్తిస్తుంది. ఖోండుల గొడ్డలి తేలికైనది, పొడవైన కామ గలది, దాని ఇనుపరేకు వింత వంపులు తిరిగినది; కామ అంటే గొడ్డలిని పట్టుకొనే కర్రపిడి. పోరులో ఖోండులు డాలు వాడరని, గొడ్డలిని రెండు చేతులా పట్టి దానితోనే కొడతారని, దానితోనే దెబ్బ కాచుకొంటారని, అందుకోసం కామ మీద కొంతమేర ఇత్తడి రేకులూ తీగలూ చుడతారని అతడు వివరించాడు. ఇంగ్లీషువారు దీనిని ‘టంగి’ అని రాసుకొన్నారు. తెలుగు కావ్యాల్లో పరశురాముని చేతిలో కనబడే గండ్రగొడ్డలికి, అంటే యుద్ధానికి చేసిన వెడల్పు వాదర గల గొడ్డలికి, ఇది కొండల్లోని దగ్గరి బంధువు.

ఈ వర్ణనలోని ఒక అంశం మీద, అంటే పోరులో గొడ్డలి చేతిని వదలకపోవడం మీద, కొంచెం ఆగవలసి ఉంది. ఉత్తర అమెరికా ఆదివాసులు వాడిన టోమహాక్ అనే చేతిగొడ్డలిని విసరడం ప్రపంచమంతటా ప్రసిద్ధం; ఐరోపా వర్తకులు తెచ్చిన ఇనుపతలలు రాకముందు అక్కడ రాతితలలు ఉండేవి, ఇనుము వచ్చాక అది పనికీ పోరుకూ వినోదానికీ ఒకేసారి ఉపయోగపడే వస్తువైంది. గాలిలోకి వదిలిన గొడ్డలి తిరుగుతూ వెళ్తుంది కాబట్టి వాదర ముందుకు వచ్చే క్షణానికి లక్ష్యాన్ని తాకాలంటే దూరం లెక్కప్రకారం ఉండాలి, మధ్యలో కొమ్మా తీగా అడ్డురాకూడదు. వెదురు పొదలు కమ్ముకొన్న ఏటవాలు కొండ మీద అటువంటి బయలు దొరకడం కష్టం. పైగా డాలు లేని మనిషికి గొడ్డలే డాలు అయినప్పుడు దానిని విసరడమంటే ప్రాణాన్ని కాపాడే చివరి వస్తువును చేజార్చుకోవడమే. ఇక్కడ దూరం నుంచి కొట్టే పనిని విల్లంబులూ ఒడిసెలా, అంటే రాయి పెట్టి గిరగిర తిప్పి వదిలే తాడుసాధనం, చేపట్టాయి. గొడ్డలి చేతిలోనే మిగిలింది. పొడవైన కామ, తేలికైన తల అనే రూపం ఈ అవసరం నుంచే వచ్చిందని చెప్పడం సమంజసం.

పోరుగొడ్డలి పండుగల్లోనూ నాట్యాల్లోనూ కనబడే వస్తువు అయినా, ఇంటింటా ఉండేది పనిగొడ్డలే, దాని తయారీలో దాగిన నేర్పు కూడా ఎక్కువే. సవరల్లో వృత్తిని బట్టి ఏర్పడిన శాఖలను థర్‌స్టన్ గ్రంథం లెక్కించినప్పుడు అర్సివారిని నేతపనివారుగా, కిందాలవారిని బుట్టలల్లేవారుగా, కుంబివారిని కుండలు చేసేవారుగా చెప్పి, ఇనుపపని చేసేవారిని లువార లేక మూలి అని పేర్కొంది. అంటే గొడ్డలి కోసం ప్రతిసారీ మైదానానికి దిగవలసిన అవసరం లేని కాలం ఒకటి ఉండేది. కొండ దిగువ గ్రామాల్లో ఈ పని కమ్మరులది. రైతుల నుంచి వారికి పంట కళ్లాల మీద మేర, అంటే వృత్తిపనివారికి ఏటేటా కొలిచి ఇచ్చే ధాన్యపు వాటా, అందేది. కొండవారు మాత్రం చింతపండు, అడ్డాకులు, పసుపు, కొండచీపుర్లు సంతకు దింపి, వాటి డబ్బుతో ఇనుపసామాను కొనుక్కొనేవారు.

గొడ్డలి తల అంతా ఉక్కుతో చేయడం పాతకాలంలో దుర్లభం, అవసరం కూడా కాదు. మెత్తని ఇనుమును కొలిమిలో కాల్చి, డాకలి మీద పెట్టి, సమ్మెటతో సాగగొట్టి, కామ దూరే కన్నం చుట్టూ మడిచి, ముందువైపు చీలికలో ఉక్కుముక్క ఇరికించి, రెండూ తెల్లగా మెరిసేంత వేడి మీద ఒకటయ్యేలా కొట్టేవారు. ఆ ఉక్కే వాదర, అంటే కోసే అంచు, అవుతుంది. వెనుక మెత్తని ఇనుము దెబ్బను ఓర్చుకొంటుంది, ముందు ఉక్కు పదునును నిలుపుకొంటుంది. లారీలు వచ్చాక పాత కమాను పట్టీల ఉక్కు కమ్మరులకు సులభంగా దొరికింది. ఉక్కు మంచిదైనంత మాత్రాన గొడ్డలి మంచిది కాదు. పాను పెట్టడం, అంటే ఎర్రగా కాల్చిన వాదరను ముంచి చల్లార్చి మళ్లీ మెల్లగా వేడి చేసి గట్టితనాన్ని తగుమాత్రంగా తగ్గించడం, కుదరాలి. ఆ రెండవ వేడిలో మెరుగుపెట్టిన ఉక్కు మీద ఎండుగడ్డి రంగు మొదలై క్రమంగా ఊదాకు తిరుగుతుంది, కమ్మరి కన్ను ఆ రంగును పట్టుకొని సరైన క్షణంలో పనిని ఆపుతుంది. పాను ఎక్కువైతే వాదర చేవకర్ర మీద పెచ్చులుగా రాలుతుంది, తక్కువైతే మడత పడుతుంది.

కొనేవాడి పరీక్షలు దీనిని బట్టే ఏర్పడ్డాయి. తలను తాడుకు వేలాడదీసి చిన్న ఇనుపముక్కతో తట్టినప్పుడు గణగణమని మోగితే అతుకు గట్టిది. మొద్దుగా పలికితే ఎక్కడో పగులు ఉందని అనుమానించాలి. ఆకురాయి, అంటే ఇనుమును అరగదీసే గరుకు ఉక్కుబద్ద, వాదర మీద పూర్తిగా జారిపోతే పాను మితిమీరింది, మెత్తగా కొరుక్కుపోతే పాను లేదు, కొద్దిగా పట్టి పట్టనట్టు ఉంటే సరిపోయింది. కన్నం వంకరగా ఉన్న తలను ఎంత మంచి కామ కూడా చక్కదిద్దలేదు, కాబట్టి వాదర గీతా కన్నం మధ్యగీతా ఒకే వరుసలో ఉన్నాయో లేదో ఒక కన్ను మూసి చూడవలసిందే. చెట్టు కొట్టడానికి పలుచని వాదర, కట్టెలు చీల్చడానికి మందమైన బుగ్గ కావాలి. కొండవాడికి రెండు గొడ్డళ్లు మోసే వీలు లేదు గనుక ఈ రెంటికీ మధ్యరకం ఇక్కడ నిలిచింది.

కామ విషయంలో కొండవారికి మైదానపు రైతు కంటే ఎంపిక ఎక్కువ. సాగే గుణమూ దెబ్బకు విరగని గుణమూ గల తడ కర్ర కామలకూ కావడి బద్దలకూ పేరు పొందింది. కర్ర ఏదైనా పోగులు ఒక కొన నుంచి మరో కొనకు తెగకుండా నడవాలి, ముడులు ఉండకూడదు, పచ్చికర్రను నీడలో ఆరబెట్టిన తరువాతే చెక్కాలి. తలను బిగించడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. కామను కింది నుంచి దూర్చి పైకొనలో చెక్కమేకు కొట్టడం ఒకటి. పైకొన లావుగా ఉండేలా చెక్కి, సన్నని కొనను కన్నం పైవైపు నుంచి దింపి లాగడం రెండవది. రెండవ పద్ధతిలో ఊపేకొద్దీ తల మరింత బిగుస్తుంది, కామ విరిగితే మేకులతో పనిలేకుండా అడవిలోనే మరొకటి చెక్కి తొడగవచ్చు. అమెరికా టోమహాక్‌కు ఈ రెండవ పద్ధతే స్థిరపడింది. ప్రయాణంలో ఉండేవాడికీ విసిరేవాడికీ అది నప్పుతుంది.

తరువాతి సంరక్షణ అంతా నీరు, నూనె, రాయి అనే మూడింటితో జరుగుతుంది. సానరాయి మీద నీరు చిలకరించి నెమ్మదిగా నూరిన వాదర పాను కోల్పోదు. ఇప్పుడు సంతల్లో కనబడే మోటారు సానచక్రం నిమిషంలో పదును పెడుతుంది గాని, నిప్పురవ్వలు రాలేంత వేడిలో అంచు నీలిరంగుకు తిరిగితే కమ్మరి కష్టమంతా వృథా అవుతుంది. ఈ తొందర మంచిది కాదని గట్టిగా చెప్పవలసి ఉంది. వేసవిలో కర్ర ఎండి తల వదులైనప్పుడు గొడ్డలిని నీటిలో నానబెట్టడం అందరికీ తెలిసిన చిట్కాయే అయినా, ఉబ్బిన పోగులు కన్నంలో నలిగి, ఆరిన తరువాత ముందుకంటే వదులవుతాయి. కామకు ఇప్పనూనో ఆముదమో పట్టించి నీడలో ఉంచడం దానికంటే మేలు. వదులు తలతో చెట్టు కొట్టడం, గొడ్డలిని విసరడం రెండూ పక్కవాడి ప్రాణం మీదికి తెస్తాయి.

ఇంత జాగ్రత్తగా కాపాడుకొన్న గొడ్డలికి అసలు పని పోడు. కొండవాలు మీద చెట్లూ పొదలూ కొట్టి, ఎండనిచ్చి, వానలకు ముందు తగలబెట్టి, ఆ బూడిద సారంలో చోళ్లు, సామలు, కందులు కలిపి చల్లి, కొన్నేళ్లకు ఆ చోటు విడిచి మరో వాలుకు మారే సేద్యాన్ని పోడు అంటారు. సవరలు దీనితోపాటు రాళ్ల గట్లు కట్టి వాలు మీద మడులు తీర్చడంలోనూ ప్రసిద్ధులు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో కొత్తగా నరకడాన్నీ నిప్పు పెట్టడాన్నీ నేరం చేసింది. అంతవరకు జీవనాధారమైన గొడ్డలిదెబ్బ ఆ రోజు నుంచి అడవి సరిహద్దు రాయికి ఇవతల పని, అవతల నేరం అయింది. మన్యం చరిత్రలో యుద్ధాల కంటే ఈ మార్పే లోతైనది.

అధికారుల కాగితాలు మాత్రం ఘర్షణలనే గుర్తుంచుకొన్నాయి. 1839 నాటి చట్టం గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు చేతికి అప్పగించింది; ఏజెన్సీ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. 1864లో గుణుపురం కొండల్లోని పొట్టాసింగిలో ఒక సవర పెద్దను పోలీసులు అక్రమంగా పట్టుకొన్నప్పుడు, సవరలు అతనిని విడిపించుకొని, ఇన్‌స్పెక్టరునూ నలుగురు జవాన్లనూ చంపి, ఠాణాను కాల్చివేశారు. ఆ తరువాత ఐదుగురిని ఉరితీశారు, తొమ్మిదిమందిని ద్వీపాంతరం పంపారు. పట్టుకొన్న తీరు అక్రమమని తరువాత ప్రభుత్వ గెజెటీరే ఒప్పుకొంది. 1900లో సాలూరు దగ్గరి కొర్రవానివలసలో కొర్రా మల్లయ్య అనే కొండదొర దైవావేశం వచ్చినవాడిగా వేలమందిని కూడగట్టినప్పుడు, తన అనుచరులకు వెదురుకర్రలు పంచి అవి తుపాకులుగా మారతాయని, ప్రభుత్వ ఆయుధాలు నీరుగా మారతాయని నమ్మించాడు. పోలీసు కాల్పుల్లో ఆ అనుచరుల్లో పలువురు చనిపోయారు. గొడ్డలి తుపాకీ ముందు నిలవదని ఆ కొండలవారికి అప్పటికే తెలుసుననడానికి ఆ వెదురుకర్రల కథే బలమైన సాక్ష్యం.

ఈ కాగితాలకు భిన్నంగా సవరలను వారి మాటల్లోనే వినదలచిన పండితుడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకొని, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథాన్నీ 1938లో నిఘంటువునూ వెలువరించిన ఆయన కృషి వల్లనే ఆ కొండల ఇల్లూ పొలమూ పనీ గురించిన మాటలు ఆ జాతి నోటి నుంచి అచ్చులోకి వచ్చాయి.

స్వాతంత్ర్యం తరువాత 1948 చట్టంతో జమీందారీలు పోయి ఎస్టేటు అడవులు ప్రభుత్వపరమయ్యాయి. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులు భూస్వాముల మనుషుల చేతిలో చనిపోవడంతో శ్రీకాకుళ ఉద్యమం సాయుధ రూపం దాల్చింది. ఆ ఉద్యమానికి ముందు గిరిజన సంఘం పెట్టిన కోరికల్లో పోడు మీద హక్కు, వెట్టి రద్దు ముఖ్యమైనవి. చట్టం దృష్టిలో గొడ్డలి స్థానం కూడా ఈ లోపల స్పష్టమైంది: కేవలం ఇంటిపనికో సేద్యానికో చేసిన వస్తువులను 1959 నాటి ఆయుధాల చట్టం ఆయుధాల నిర్వచనం నుంచి మినహాయించింది.

2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న పోడుభూములకు గిరిజనుల హక్కును గుర్తించింది. అంటే ఆ తేదీ తరువాత కొట్టిన కొత్త పోడుకు పట్టా రాదు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండవాలుల మీద ఇప్పుడు జీడిమామిడి, అనాస, పసుపు విస్తరించాయి. అక్కడ గొడ్డలికి మిగిలిన పని కొమ్మలు కత్తిరించడం, వంటచెరకు కొట్టడం.