సంగటి ముద్ద, సాయంత్రపు ఆట

చేనుకు ఏ ఎరువు వేయాలో తరచు చెప్పుకుంటూ వుంటాము. ఈ పూట మన పిల్లల తిండి చరిత్ర కొంచెం చెప్పుకుందాము. అదీ సేద్యం చరిత్రే గదా!

మడకశిర కన్నడ సీమను ఆనుకొని వున్న మెట్ట ప్రాంతం. ఈ అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ నమ్మరాని వాన. దానికి తట్టుకొనేవి రాగి, కొర్ర, సజ్జ, జొన్న. సాళ్ళ నడుమ కంది, అనుము, అలసంద వేసేవారు. అందుచేత పిల్లవాని కంచంలోకి సంగటి ముద్ద, దానికి తోడు పప్పూ ఆకుకూరా వచ్చేవి.

అంతమాత్రాన పాతరోజులన్నీ మంచివనరాదు. 1876-78 కరువులో మదరాసు రాజధానిలో లక్షలాది జనం చనిపోయారు. 1952లో రాయలసీమలో గంజి కేంద్రాలు తెరవవలసి వచ్చింది. పంట వున్ననాడే ముద్ద, లేనినాడు పస్తు.

తరువాత వేరుసెనగ పెరిగింది. చేతికి రొక్కం వచ్చే పంట గనుక చిరుధాన్యాల చేలు చాలావరకు దాని కిందికే పోయినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది, అది చిన్న మేలు కాదు. కాని వరి అన్నం గొప్పవారి తిండి, సంగటి పేదవారి తిండి అనే మాట పిల్లల మనసుల్లో మరీ పాతుకుపోయింది.

లెక్క చూడండి. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం, అంటే ఎముకకు కావలసిన సున్నం, సుమారు 350 మిల్లీగ్రాములు. తెల్లబియ్యంలో 10కి అటూ ఇటూ. ఎముక గట్టిపడేది పెరిగే వయసులోనే. ఆ వయసు దాటినాక ఎంత పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు.

మన రాష్ట్రంలో బడిపిల్లలకు వండిన మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. 2023 మార్చిలో అందులో బెల్లం వేసిన రాగిజావ చేర్చారు. చేను వదిలిపోయిన రాగి ఇలా బడిలోకి వచ్చింది.

ఇక ఆట సంగతి. వెనుకటి పిల్లలు పశువుల వెంట తిరిగారు, నీళ్ళు మోశారు. అది ఒళ్ళు గట్టిపరచినా, చాలామందికి చదువు లేకుండా చేసింది. ఆ రోజులు మళ్ళీ రావద్దు. చెడుగుడు, బిళ్ళంగోడు, తొక్కుడుబిళ్ళ మాత్రం పోగొట్టుకోరాదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. సాయంత్రం సెల్‌ఫోను పక్కన పెట్టిస్తే ఆ గంట దొరుకుతుంది. ఆడపిల్లలనూ ఆడనివ్వండి.

వేరుసెనగ మానమనడం లేదు. ఇంటిమట్టుకు కొద్దిపాటి చెక్కలో రాగి, సాళ్ళ నడుమ కంది, అనుము వేసుకోండి. దుకాణం పొట్లాలకు బదులు వేయించిన సెనక్కాయలు, బెల్లంముక్క ఇవ్వండి. తండ్రి ముందు సంగటి తింటే బిడ్డ తింటాడు, చెప్పితే తినడు. విస్తరణ కార్యకర్తలు కూడా పంట చూసి ఊరుకోక, ఆ ఇంట పిల్లలు ఏమి తింటున్నారో అడగాలి.

విత్తనం ఎంచుకొనేటప్పుడు పిల్లలను కూడా లెక్కలో పెట్టుకోండి.