శిశిరమున ఆకురాల్చిన చెట్టు: వృక్షాయుర్వేద చరిత్రలో శీతకాల సంరక్షణ

మాఘమాసము ప్రవేశించుసరికి గృహప్రాంగణములందలి వృక్షములు అనేకములు పత్రహీనములగును. మోదుగు, రావి, వేప క్రమముగా ఆకులు రాల్చును. ఈ కాలముననే అనేక వృక్షములు గొడ్డలికి గురియగుచున్నవి. కొందరు చెట్టు ఎండినదని భావించి కొట్టించెదరు, మరికొందరు రాలిన ఆకులను ఊడ్చలేక కొట్టించెదరు. మన పూర్వులు ఈ విషయమును ఎట్లు దర్శించిరో, శీతకాలమున వృక్షమునకు ఏ పరిచర్య విధించిరో పరిశీలించుట గృహస్థునకు శ్రేయస్కరము.

ఈ విచారణకు మూలము ఉపనిషత్తులోనే కలదు. ఛాందోగ్యోపనిషత్తు షష్ఠాధ్యాయమున ఉద్దాలక ఆరుణి తన కుమారుడైన శ్వేతకేతువునకు మహావృక్షమును దృష్టాంతముగా చూపెను. మూలమున గాని, మధ్యమున గాని, అగ్రమున గాని గాయపరచినచో వృక్షము రసమును స్రవించుచు జీవించియే యుండును. జీవుడు ఏ శాఖను విడుచునో ఆ శాఖ మాత్రమే ఎండును. సర్వమును విడిచినచో వృక్షమంతయు ఎండును. శరీరము నశించును గాని జీవుడు నశింపడని బోధించుటయే ఇచ్చట ఋషి తాత్పర్యము, తోటపని నేర్పుట కాదు. అయినను ఆ దృష్టాంతము సూక్ష్మమైన పరిశీలనపై నిలిచియున్నది. జీవమునకు లక్షణము రసమే గాని ఆకు కాదు. నేటికిని తోటమాలి చిన్నకొమ్మ బెరడును గోటితో గీరి, లోపల పచ్చదనమును చూచియే చెట్టు బ్రతికియున్నదని నిర్ణయించును.

మహాభారత శాంతిపర్వమున భృగుభరద్వాజ సంవాదము ఈ భావమును విస్తరించినది. వేడికి ఆకులు వాడుటచే వృక్షమునకు స్పర్శ కలదనియు, మూలములచే జలమును గ్రహించుటచే రసజ్ఞానము కలదనియు, ఛేదింపబడినది మరల చిగురించుటచే జీవము కలదనియు భృగువు నిరూపించెను. పాదములచే పానము చేయునది గనుకనే ‘పాదపము’ అను నామము సార్థకమైనది.

తత్త్వము ఇట్లుండగా, రాజశాసనమును దానిని అనుసరించినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున పురోద్యానములందలి పుష్ప, ఫల, ఛాయావృక్షముల చిగుళ్ళను త్రుంచినవానికి 6 పణములు, చిన్నకొమ్మలను నరికినవానికి 12 పణములు, పెద్దకొమ్మలను నరికినవానికి 24 పణములు దండనగా విధింపబడినది. సరిహద్దు వృక్షముల విషయమునను, పుణ్యస్థలములందలి వృక్షముల విషయమునను ఆ దండన ద్విగుణము. ఎండినట్లు కనబడుచున్నదను సాకుతో ఆలయవృక్షముపై చేయి వేయువారు ఈ విధిని స్మరింపవలెను.

ఋతువును బట్టి వృక్షమునకు చేయవలసిన పరిచర్యను స్పష్టముగా చెప్పిన గ్రంథము వరాహమిహిరుని బృహత్సంహిత. క్రీ.శ. 6వ శతాబ్దమునకు చెందిన ఈ ఆచార్యుడు ఒక అధ్యాయమును వృక్షాయుర్వేదమునకే కేటాయించెను. శాఖలు పుట్టని మొక్కలను శిశిరమునను, శాఖలు పుట్టినవానిని హేమంతమునను, పుష్టమైన బోదె గలవానిని వర్షారంభమునను నాటవలెనని ఆయన విధించెను. నాటిన వృక్షములకు గ్రీష్మమున ఉదయసాయంకాలములందు, శీతకాలమున దినము విడిచి దినము, వర్షర్తువున నేల ఎండినప్పుడు మాత్రమే నీరు పోయవలెను. శీతము, వాతము, ఆతపము అను మూడును వృక్షరోగములకు కారణములని చెప్పి, ఆకులు పాలిపోవుట, చిగుళ్ళు పెరుగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట అను లక్షణములను పేర్కొనెను. చికిత్సయందు మొదట చెడిన భాగమును శస్త్రముతో శుద్ధి చేసి, వాయువిడంగములు, నేయి, మట్టి కలిపి పూసి, పాలు కలిపిన నీటితో తడుపవలెను. అనగా రోగము వచ్చిన చెట్టును పడగొట్టుట కాదు, వ్రణమునకు కట్టు కట్టుటయే శాస్త్రవిధి.

సురపాలుని ‘వృక్షాయుర్వేదము’ ఈ విద్యను మరింత విస్తరించినది. సుమారు క్రీ.శ. 1000 నాటిదిగా పండితులు భావించు ఈ గ్రంథము మానవులకు వలెనే వృక్షములకును వాత, పిత్త, కఫ దోషములను చెప్పినది. శీతకాల, వసంతములయందు మధురము, స్నిగ్ధము, ఆమ్లము, శీతలము అయిన ద్రవ్యములతో అధికముగా తడుపుటచే కఫరోగము కలుగునని సురపాలుని మతము. అప్పుడు ఆకులు చిన్నవగును, వన్నె పాలిపోవును, ఫలములు ఆలస్యముగా కలుగును, రుచి తగ్గును. దానికి వేళ్ళ చుట్టునున్న మట్టిని తొలగించి పొడిమట్టిని నింపవలెననియు, మొదట తెల్ల ఆవాల ముద్దను ఉంచవలెననియు చెప్పెను. చలికాలమున భక్తితో బిందెలకొలది నీరు పోయుటయు అపచారమే యగునని దీని సారము. తెలుగునాట మామిడి రైతులు పూతకు ముందు నీటిని ఆపివేయుట కూడ ఈ వివేకమునకు సమీపమైనదే.

ఇట్టి గ్రంథము బహుకాలము జనదృష్టికి దూరమై, దాని తాళపత్ర, లిఖితప్రతుల పరంపర క్షీణించినది. ఆక్స్ఫర్డు నగరమందలి బోడ్లియన్ గ్రంథాలయమున నిలిచిన ప్రతి ఆధారముగా, 1994లో సికింద్రాబాదున డాక్టర్ వై.ఎల్. నేనే స్థాపించిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో దీనిని నళినీ సాధలే గారి ఆంగ్లానువాదముతో ప్రకటించినది. విస్మృతమైన వృక్షవైద్యము తెలుగు గడ్డమీదనే పునర్జన్మ పొందుట సంతోషదాయకము.

ప్రాచీన ఔషధములన్నియు నేడు యథాతథముగా ఫలించునని పట్టుపట్టుట శాస్త్రదృష్టి కాదు. చెడిన కొమ్మను ఖండించి వ్రణశుద్ధి చేయుట, నీటిని ఋతువును బట్టి మితము చేయుట, మొదట నిలువనీరు లేకుండ చూచుట మాత్రము అనుభవసిద్ధములు. రాలిన ఆకులను దహింపక మొదలు చుట్టు పరచినచో నేలలో తేమ నిలుచును, కాలక్రమమున అవియే ఎరువగును. ఆ పొర బోదెకు తాకకుండ కొంత ఎడము విడువవలెను, లేనియెడల బెరడు కుళ్ళును. వృక్షము మరణించినదను సందేహము కలిగినను, చిగురుకాలము గడచువరకు వేచియుండుట ధర్మము.

శిశిరమున ఒక్క ఆకైనను లేని మోదుగు ఫాల్గునమున అగ్నిజ్వాలవలె పూయును. ఆకులు లేని ఆ రెండు మాసములందు దానిలోని రసము ఎచ్చటికిని పోలేదు. ఉద్దాలకుడు శ్వేతకేతువునకు చూపినది ఆ కనబడని సత్తనే. చూచు కన్ను గలవానికి ప్రతి గృహప్రాంగణమును ఒక ఉపనిషత్తే.

స్వస్తి.