అద్దె చూసి ఇచ్చిన అప్పు

ఫ్లాటు అమ్మేవాళ్లు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: "అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది సార్." నిజానికి అది పూర్తిగా కట్టుకథేమీ కాదు. ఒకప్పుడు ఇంటిమీద అప్పు ఎంత పుడుతుందో తేల్చింది అద్దే. ఇప్పుడు తేలుస్తున్నది జీతం.

యాజ్ఞవల్క్య స్మృతి తాకట్టును రెండు రకాలుగా చూసింది. దాచిపెట్టే తాకట్టు అయితే, అప్పు వడ్డీతో కలిసి రెట్టింపయ్యాక విడిపించుకోకపోతే చేజారుతుంది. ఫలం అనుభవించే తాకట్టు అలా పోదు. అప్పిచ్చినవాడు పొలమైతే పంట, ఇల్లయితే అద్దె తింటాడు కాబట్టి వడ్డీ పేరుకుపోయే ప్రసక్తే లేదు. 1882 ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ దీన్నే స్వాధీన తనఖాగా గుర్తించింది. ముప్ఫై ఏళ్లు దాటిపోయాయన్న ఒక్క కారణంతో ఇలాంటి తనఖా విడిపించుకునే హక్కు పోదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. అంటే స్మృతికారుడి మాటే దాదాపుగా నిలిచింది.

రాయలసీమలో భోగ్యం, బెంగళూరులో లీజు అని నేటికీ నడుస్తున్నది ఈ పద్ధతికి చుట్టమే. అద్దెకు వచ్చేవాడు నాలుగైదు లక్షలు ఒకేసారి ఇంటాయన చేతిలో పెడతాడు. ఒప్పందం ఉన్నన్నాళ్లూ అద్దె లేదు, వడ్డీ లేదు. ఖాళీ చేసేటప్పుడు అసలు తిరిగివ్వాలి. చిక్కంతా ఆ చివరి రోజునే. ఆ డబ్బు ఇంటాయన ఏ పెళ్లికో ఖర్చుపెట్టేసి ఉంటే, ఇంకొకడు భోగ్యానికి దొరికేదాకా పాతవాడు కదలడు. అయినా ఈ లెక్కలో ఒక నిజాయితీ ఉంది: ఇల్లు ఎంత అద్దె తేగలదో దాన్ని బట్టే ఎవరైనా భోగ్యం సొమ్ము ఇస్తారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన ప్రాంతంలో మొదలైన అద్దె నియంత్రణ ఈ లెక్కను కుదిపింది. ఆంధ్రప్రదేశ్‌లో 1960 చట్టం న్యాయమైన అద్దెను నిర్ణయించే అధికారం కంట్రోలర్‌కు ఇచ్చింది. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు మాత్రం మినహాయింపు ఉండేది. దాన్ని 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం కొత్త ఉత్తర్వు తెచ్చింది: కట్టిన పదేళ్లదాకా, లేదా నెల అద్దె వెయ్యి రూపాయలు దాటితే చట్టం వర్తించేది కాదు. పాత ఇంటి అద్దె పెరుగుతుందో లేదో తెలియనప్పుడు దాన్ని నమ్మి అప్పిచ్చేదెవరు? అందుకే మధ్యతరగతివాళ్లు కింద వాటా కట్టి అద్దెకిచ్చి, ఆ అడ్వాన్సూ, చీటీ పాడిన డబ్బూ, బంగారం కుదువబెట్టి తెచ్చినదీ కలిపి మేడ లేపారు. చాలా కాలనీల్లో పిల్లర్ల మీద ఇనుప చువ్వలు ఏళ్ల తరబడి ఆకాశంలోకి చూస్తూ ఉండిపోవడానికి ఒక కారణం ఇదే.

1977లో హెచ్.టి. పారేఖ్ హెచ్‌డీఎఫ్‌సీని స్థాపించారు. 1988లో జాతీయ గృహ బ్యాంకు వచ్చింది. ఉద్యోగి నెలజీతాన్ని చూసి దీర్ఘకాలిక అప్పు ఇవ్వడం మామూలైంది. సొంతిల్లు లేనివాడికి ఇది మేలే చేసింది, సందేహం లేదు. కానీ అదే కొలతతో రెండో ఇల్లు కొని అద్దెకిచ్చేటప్పుడు అసలు లెక్క తప్పుతుంది.

80 లక్షల ఫ్లాటు అనుకుందాం. 60 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఈఎంఐ సుమారు 52,000. అందులో మొదటి నెల వడ్డీయే 42,500. మన నగరాల్లో అద్దె ఏడాదికి ధరలో మూడు శాతం అటూ ఇటూ, అంటే నెలకు 20,000. ఖాళీ నెలలు, మరమ్మతులు, ఆస్తిపన్ను పోగా 16,000 మిగిలితే, అది మోయగల అప్పు 18 లక్షలే. మిగతా 42 లక్షల భారం జీతం మీదే.

చాలాకాలం ఈ లోటును ఆదాయపు పన్ను కొంత పూడ్చింది. అద్దె ఇంటి నష్టాన్నంతా జీతంలోంచి తగ్గించుకునే వీలుండేది. 2017 బడ్జెట్ దాన్ని ఏడాదికి రెండు లక్షలకు కట్టడి చేసింది. కొత్త పన్ను విధానంలో అదీ లేదు. ఫ్లోటింగ్ వడ్డీ సంగతి సరేసరి. బ్యాంకుల వడ్డీకి ఆధారమైన రెపో రేటు 2020లో 4 శాతం ఉండగా, 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. ఎంతోమందికి ఈఎంఐ అలాగే ఉండి వాయిదాల సంఖ్య మాత్రం పెరిగింది. ఇన్ని ఉన్నా జనం కొన్నది ధర పెరుగుతుందన్న ధీమాతోనే. అది పెట్టుబడి కన్నా పందేనికి దగ్గర అని నా అభిప్రాయం.

విచిత్రమేమిటంటే, పెద్ద వ్యాపారం మళ్లీ భోగ్యం దారికే వచ్చింది. హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలిలలో కంపెనీలకు లీజుకిచ్చిన ఆఫీసు భవనాల మీద బ్యాంకులు రాబోయే అద్దెను లెక్కగట్టి అప్పిస్తాయి. అద్దె నేరుగా బ్యాంకు చెప్పిన ఖాతాలోనే పడుతుంది. అద్దె ఆస్తుల్లో మదుపరులకు వాటాలు అమ్మే రీట్‌ల కోసం 2014లో సెబీ నిబంధనలు తెచ్చింది. 2020లో లిస్టయిన మైండ్‌స్పేస్ రీట్‌లో మాదాపూర్ భవనాలున్నాయి. రీట్ అప్పులు ఆస్తుల విలువలో 49 శాతం మించకూడదు. 25 శాతం దాటాలంటే రేటింగూ, యూనిట్లు కొన్నవాళ్ల ఆమోదమూ కావాలి. అద్దెలు వసూలు చేయడమే పనిగా ఉన్న సంస్థకు ఇన్ని పగ్గాలు. ఒకే జీతం, ఒకే ఫ్లాటు ఉన్న ఉద్యోగికి మాత్రం ధరలో 75 నుంచి 80 శాతం, అప్పు 30 లక్షల లోపైతే 90 శాతం దాకా ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి.